చిన్న హాల్లో నాలుగు బ్యాండ్ల షో: ప్లాన్ ఇదీ, బొక్కలు ఎక్కడున్నాయో చెప్పండి

రాత్రిషిఫ్ట్ (హైదరాబాద్)

నమస్తే అందరికీ. వచ్చే నెల ఒక శనివారం నాలుగు బ్యాండ్లతో షో పెడుతున్నాం. ప్లాన్ మొత్తం కింద ఉంది. ఎక్కడ బోల్తా కొడుతుందో ఇప్పుడే చెప్పండి, ఆ రోజు కాదు.

హాలు: కమర్షియల్ బిల్డింగులో గ్రౌండ్ ఫ్లోర్. పొడవు 40 అడుగులు, వెడల్పు 25, కప్పు 9 అడుగులే. నేల టైల్స్, గోడలు ఉత్త ప్లాస్టర్. ముందు అద్దం తలుపులు, వాటి బయట రోలింగ్ షట్టర్, వెనక ఒక తలుపు. స్టేజీ లేదు, వెనక వైపు 16 బై 10 జాగా వదులుతున్నాం.

బ్యాండ్లు: ముగ్గురు పంక్ వాళ్లు, ఒక తెలుగు పోస్ట్-రాక్ బ్యాండు (నలుగురు, లాప్‌టాప్‌లోంచి ముందే రికార్డు చేసిన ట్రాక్స్ ఉంటాయి), గ్రైండ్‌కోర్ (మెరుపు వేగంతో వాయించే రకం, నలుగురు), చివర్లో బెంగళూరు నుంచి డెత్ మెటల్ (ఐదుగురు).

సౌండు: 15 అంగుళాల పవర్డ్ టాప్స్ (జనం వైపు ప్రధాన స్పీకర్లు) రెండు, 18 అంగుళాల సబ్ (కింది శబ్దాల స్పీకరు) ఒకటి, మానిటర్లు (వాయించేవాళ్ల వైపు తిరిగిన స్పీకర్లు) రెండు, టాబ్లెట్‌తో నడిపే బెరింజర్ ఎక్స్‌ఆర్18 డిజిటల్ మిక్సర్. డ్రమ్ కిట్ అందరికీ ఒకటే. గిటార్ ఆంప్‌లు ఎవరివి వాళ్లు తెస్తామంటున్నారు.

టైము: 7కి మొదలు, తలా 40 నిమిషాలు, మధ్యలో 10 నిమిషాలు.
టికెట్లు: 120, ఒక్కోటి 300.

డబుల్‌పెడల్ (సికింద్రాబాద్)

ముందు లెక్క చూడు తమ్మీ. నాలుగు నలభైలు 160, మూడు పదులు 30, మొత్తం 190 నిమిషాలు. 7కి మొదటి దెబ్బ పడితే 10:10కి చివరిది. అదీ ఒక్కరూ లేటు చెయ్యకపోతే. మన షోల్లో 7 అంటే 7:25 అని అందరికీ తెలిసిందే.

పది నిమిషాల్లో బ్యాండు మారడం కాగితం మీదే జరుగుతుంది. 15 పెట్టు. ఓపెనింగ్ వాళ్లకి 25 చాలు, మధ్య ఇద్దరికీ 30, చివరి వాళ్లకి 45. గేటు 6కి తీసి ఇలా నడిపించు:

6:45 – 7:10 పంక్
7:25 – 7:55 పోస్ట్-రాక్
8:10 – 8:40 గ్రైండ్
8:55 – 9:40 డెత్ మెటల్

పదికి ఇంకా 20 నిమిషాలు మిగులుతుంది. ఆ 20 ఎవరికీ ఇవ్వకు, ఉన్నట్టు ఎవరికీ చెప్పకు.

సౌండ్‌చెక్ తలకిందులుగా చెయ్యాలి. చివర వాయించేవాళ్లు ముందు, మొదట వాయించేవాళ్లు ఆఖర్న. అప్పుడు పంక్ వాళ్ల సెట్టింగు అలాగే ఉండిపోతుంది, గేటు తీశాక ఏదీ కదపక్కర్లేదు. మధ్యాహ్నం రెండున్నరకి సామాను దిగాలి, 3:30కి డెత్ మెటల్ చెక్. వాళ్లకి గంట, మిగతా వాళ్లకి తలా పాతిక నిమిషాలు.

ఇక "కిట్ ఒకటే" అన్నావు. అంటే షెల్స్, స్టాండ్లు ఒకటే అని. స్నేర్, సింబల్స్, పెడల్, కర్రలు ఎవరివి వాళ్లవే. హై-హ్యాట్ క్లచ్ (జంట సింబల్స్‌లో పైదాన్ని కడ్డీకి పట్టే బిగింపు) కూడా సొంతదే తెచ్చుకోమని మెసేజ్‌లో విడిగా రాయి, దాన్ని నూటికి తొంభై మంది మర్చిపోతారు. ఒక్కో మార్పిడికి ఒక వింగ్ నట్టు మాయమవడం ఖాయం. నాలుగు నట్లు, ఆరు ఫెల్టులు, ఓ నాలుగు ప్లాస్టిక్ స్లీవులు డబ్బాలో వేసుకో. స్లీవు లేకుండా సింబల్ తగిలిస్తే స్టాండు మర దాని కన్నాన్ని కోసేస్తుంది, సింబల్ వాడు నీ పీక కోస్తాడు.

టైల్స్ మీద కిట్ జారుతుంది. 6 బై 6 కార్పెట్ వెయ్యి, దాని కింద రబ్బర్ మ్యాట్. స్టూలు కూడా కార్పెట్ మీదే ఉండాలి, డ్రమ్మర్ బరువే కార్పెట్‌ని ఆపేది. స్టూలు బయటికి పోతే గ్రైండ్ వాళ్ల రెండో పాటకల్లా కిక్ డ్రమ్ జనంలోకి నడిచొస్తుంది. కిక్ హెడ్ మీద బీటర్ తగిలేచోట ఇంపాక్ట్ ప్యాచ్ అంటించు. డబుల్ పెడల్ వాళ్లు ఇద్దరున్నారు కాబట్టి 22 అంగుళాల స్పేర్ హెడ్ ఒకటి కావాలి. మొదటి చెక్ అయ్యాక స్టాండ్ల కాళ్ల చోట్లు కార్పెట్ మీద టేపుతో గుర్తుపెట్టు, డ్రమ్మర్‌కో రంగు.

రాత్రిషిఫ్ట్

టైమింగ్ మార్చేశా అన్నా. డ్రమ్స్‌కి ఎన్ని మైకులు పెట్టాలి? ఏడు మైకుల సెట్ ఒకటి అద్దెకి దొరుకుతోంది.

ఫేడర్‌రాణి (విశాఖపట్నం)

ఏడూ వద్దు. కిక్‌కి ఒకటి, అంతే. మరీ అయితే స్నేర్‌కి ఒక ఎస్‌ఎం57 మైకు, అది కూడా రీవెర్బ్‌కి పంపడానికి.

వెయ్యి చదరపు అడుగుల టైల్స్ గదిలో స్నేర్, సింబల్స్ వాటంతటవే చెవులు పగలగొడతాయి. గదిలో మొదటి శబ్దం డ్రమ్స్‌దే, దాన్ని మీరు తగ్గించలేరు. కాబట్టి డ్రమ్స్ ఎంత ఉంటే గొంతు దాన్ని దాటాలి, గిటార్లు రెంటికీ మధ్యలో ఇమడాలి. మిక్స్ అంటే ఇక్కడ ఇదే. నేను చూసినంతలో చిన్న హాళ్లలో "సౌండ్ బాలేదు" అన్న ప్రతిసారీ అసలు సంగతి "గొంతు వినపడలేదు" అనే.

టాప్స్‌లోకి గొంతులు, లాప్‌టాప్, కొంచెం కిక్. సబ్‌లోకి కిక్, ట్రాక్స్ మాత్రమే. గొంతు చానెళ్లన్నిటికీ 120 హెర్ట్జ్ దగ్గర హై-పాస్ (దానికింది శబ్దాన్ని కోసే ఫిల్టర్). టాప్స్‌ని మైకులకన్నా ముందు, హారన్ (పై శబ్దాలొచ్చే భాగం) ఏడడుగుల ఎత్తున పెట్టండి. తలల ఎత్తులో పెడితే మొదటి రెండు వరసలే సౌండంతా మింగేస్తాయి.

చానెళ్లు: కిక్, స్నేర్, బాస్ డీఐ (వాయిద్యాన్ని నేరుగా మిక్సర్‌కి కలిపే చిన్న డబ్బా), గిటార్ రెండు, గొంతులు మూడు, ట్రాక్స్ రెండు, స్పేర్ గొంతు ఒకటి. పదకొండు. ఎక్స్‌ఆర్18లో మైక్ ఇన్‌పుట్లు 16, కాబట్టి హాయిగా సరిపోతుంది. నాలుగు బ్యాండ్లకీ చానెల్ నంబర్లు ఇవే ఉండాలి, వాళ్ల ఆర్డర్లో కాదు మీ ఆర్డర్లో. ఒక్కో చెక్ అవగానే సీన్ (మిక్సర్ సెట్టింగులన్నీ) సేవ్ చెయ్యండి.

ఇంకో మాట, కప్పు 9 అడుగులన్నారు కదా. నేలకీ కప్పుకీ మధ్య గది మోగే మొదటి ఫ్రీక్వెన్సీ 63 హెర్ట్జ్ చుట్టుపక్కల పడుతుంది. డెత్ మెటల్ వాళ్లు ట్యూనింగ్ 'బి' అయితే ఖాళీ ఆరో తీగ 61.7 హెర్ట్జ్. ప్రతి చగ్-చగ్‌కీ గది కూడా వాళ్లతో కలిసి వాయిస్తుంది, రిఫ్ అంతా ముద్ద అయిపోతుంది. 31 బ్యాండ్ ఈక్యూలో (ఒక్కో ఫ్రీక్వెన్సీని విడిగా పెంచి తగ్గించేది) 63 స్లైడరు సరిగ్గా ఉంటుంది, 6 డీబీ దించండి. అయితే అది స్పీకర్లలోంచి వచ్చేదానికే పనిచేస్తుంది. బాస్ ఆంప్‌లోంచి నేరుగా వచ్చేదానికి ఆంప్ మీదే బాస్ నాబ్ తగ్గించాలి. బాసిస్టుకి మీరే చెప్పుకోండి.

ట్యూబ్‌గోల (హైదరాబాద్)

గిటార్లని ఇమిడిపొమ్మనడం సులువే అక్కా. ట్యూబ్ ఆంప్ కొంచెం పెంచితేనే కదా ఆ టోన్ వచ్చేది? 100 వాట్ల హెడ్డు (ఆంప్ పెట్టె), 4x12 క్యాబ్ (12 అంగుళాల స్పీకర్లు నాలుగున్న పెట్టె) లేకుండా డెత్ మెటల్ ఏంటి?

ఫేడర్‌రాణి

100 వాట్లకీ 50 వాట్లకీ తేడా 3 డీబీనే తమ్ముడూ, సగం వాట్లంటే సగం సౌండు కాదు. ఆ గదికి 30 వాట్ల ఆంపు, 1x12 క్యాబ్ ఎక్కువే. హెడ్డు వాళ్లదే తేనివ్వండి, క్యాబ్ మాత్రం రెండు 1x12లు మీరే పెట్టండి, అందరికీ అవే. క్యాబ్ మార్చకపోతే మైక్ కదలదు, ఒక్కో మార్పిడిలో ఐదు నిమిషాలు మిగులుతాయి. 100 వాట్ల హెడ్డుకి తగలాలి కాబట్టి స్పీకరు ఎన్ని వాట్లు మొయ్యగలదో చూసి తెప్పించండి, 30 వాట్లది కాలిపోతుంది.

క్యాబ్‌ని కుర్చీ మీద ఎక్కించి వాయించేవాడి చెవి వైపు వంచండి. నేలమీద ఉంటే అది అతని పిక్కలకి వినిపిస్తుంది. వాడు వినపడట్లేదని పెంచుతాడు, ముందు వరస జనం చస్తారు.

ట్యూబ్‌గోల

క్యాబ్ షేరింగ్‌కి ఒప్పుకుంటా. కానీ ఓమ్స్ చూడకుండా తగిలిస్తే హెడ్డు పోతుంది, ఇది పెద్దక్షరాలతో రాసి అంటించాలి. క్యాబ్ 8 ఓమ్స్ అయితే హెడ్డు సెలెక్టర్ 8 మీదే ఉండాలి. ట్యూబ్ హెడ్డుకి క్యాబ్ తగిలించకుండా స్టాండ్‌బై తీస్తే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. హడావుడిలో సరిగ్గా అదే జరుగుతుంది. హెడ్డు నుంచి క్యాబ్‌కి స్పీకర్ కేబులే వాడాలి, గిటార్ కేబుల్ పైకి అచ్చం అలాగే ఉంటుంది కానీ లోపల తీగ సన్నం, వేడెక్కి తెగుతుంది. రెండు స్పీకర్ కేబుళ్లకి ఎర్ర టేపు చుట్టి క్యాబ్‌కే వదిలెయ్యి.

గ్రైండ్ వాళ్లు ప్రాసెసర్‌తో (ఆంప్ టోన్‌ని నకలు చేసే డిజిటల్ పెట్టె) నేరుగా మిక్సర్‌లోకి వస్తారేమో ఇప్పుడే అడుగు. అలా వస్తే స్టేజీ మీద గిటారే వినపడదు, మానిటర్లోకి పంపాలి. ఉన్నవి రెండే మానిటర్లు. వాళ్ల ప్రాసెసర్‌ని కూడా ఆ 1x12ల మీద వాయించాలంటే పవర్ ఆంప్ కావాలి.

రాత్రిషిఫ్ట్

అడిగా. ఒకతను నేరుగా మిక్సర్‌లోకే. పవర్ ఆంప్ తెస్తాడట.
కరెంటు సంగతి ఎవరూ ఎత్తలేదేంటి? స్టేజీ వెనక గోడకి 16 యాంప్స్ సాకెట్లు రెండు, 6 యాంప్స్‌వి నాలుగు ఉన్నాయి. ఏసీలు మూడు, ఒకటిన్నర టన్నువి.

ఎర్తింగ్‌బాబాయ్ (విజయవాడ)

ఎత్తడానికే వచ్చాను బాబూ. సామాను దిగకముందే మల్టీమీటర్ పట్టుకుని ప్రతి సాకెట్టూ చూడు. ఫేజ్–న్యూట్రల్ 220 నుంచి 240 మధ్య రావాలి. ఫేజ్–ఎర్త్ కూడా దాదాపు అంతే రావాలి. న్యూట్రల్–ఎర్త్ రెండు మూడు వోల్టులు దాటకూడదు. ఫేజ్–ఎర్త్ దగ్గర వందో నూటయాభయ్యో చూపిస్తే ఎర్త్ పిన్ను ఉత్తుత్తిదే. ఆ సాకెట్టు వాడకు, హాలు ఎలక్ట్రీషియన్ని పిలువు.

సౌండంతా ఒకే ఫేజు మీద, ఒకే పాయింటు నుంచి రావాలి. ఏసీలు, లైట్లు వేరే ఫేజు మీద. త్రీఫేజ్ బిల్డింగుల్లో న్యూట్రల్ వదులైతే 230 ఉన్నచోట 300 దాటుతుంది, అడాప్టర్లన్నీ ఒకేసారి పోతాయి. అందుకే మెయిన్ బోర్డు దగ్గర న్యూట్రల్ బిగింపు ముందు రోజే చూపించుకో.

హమ్మింగ్ వస్తే అడాప్టర్ ఎర్త్ పిన్ను విరగ్గొట్టే వీరులు కొందరుంటారు. అది మాత్రం ఎవర్నీ చెయ్యనివ్వకు. డీఐ బాక్స్ మీద గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్చి ఉన్నది దానికే. ఎర్త్ తీసేసిన ఆంపులో లోపం ఉంటే గిటార్ తీగల్లోకి కరెంటొస్తుంది, మైకుకి పెదవి తగలగానే సర్క్యూట్ పూర్తవుతుంది. బ్యాండు మారిన ప్రతిసారీ మీటర్ ఏసీ వోల్ట్స్‌లో పెట్టి ఒక ముల్లు తీగ మీద, ఒకటి మైకు జాలీ మీద ఆనించు. సున్నాకి దగ్గర్లో ఉంటేనే పాడనివ్వు. పది సెకన్ల పని.

మిక్సర్‌కీ వైఫై రౌటర్‌కీ చిన్న యూపీఎస్, 600 వీఏది చాలు. కరెంటు పోయి జనరేటర్ అందుకునేలోపు డిజిటల్ మిక్సర్ ఆగి మళ్లీ లేస్తే పాట మధ్యలో టాప్స్ ఢమ్మంటాయి. స్విచ్ వేసేటప్పుడు మిక్సర్ ముందు, స్పీకర్లు ఆఖర్న. ఆపేటప్పుడు స్పీకర్లు ముందు.

గేటుదగ్గర (హైదరాబాద్)

రౌటర్ అన్నారు కాబట్టి చెప్తున్నా, ఎక్స్‌ఆర్18 లోపలి వైఫైని నమ్మొద్దు. ఖాళీ హాల్లో బ్రహ్మాండంగా పనిచేస్తుంది. వందమంది, వంద ఫోన్లు నిండగానే టాబ్లెట్ డిస్‌కనెక్ట్. బయట రౌటర్ పెట్టి ఈథర్‌నెట్ కేబుల్‌తో కలపండి, 5 గిగాహెర్ట్జ్ మీద, తలల పైకి ఉండేలా. మిక్సర్ మీద చిన్న స్విచ్చిని ఈథర్‌నెట్ వైపు జరపడం మర్చిపోవద్దు. రౌటర్ కూడా మొండికేస్తే లాప్‌టాప్ కేబుల్‌తో నేరుగా తగిలించుకునే ఏర్పాటుండాలి.

ఇక జనం. 1000 చదరపు అడుగుల్లో స్టేజీకి 160, మిక్సర్, టీషర్టుల బల్ల కలిపి 40 పోతే మిగిలేది 800. పిట్ (జనం గుద్దుకుంటూ తిరిగే గుంపు) తిరిగే షోలో మనిషికి ఏడు చదరపు అడుగులైనా లేకపోతే ఊపిరాడదు, అంటే 114 మంది. ఇందులో బ్యాండ్ల వాళ్లు 16 మంది, మీ టీమ్ ఐదుగురు అనుకున్నా, వాయిస్తున్నవాళ్లు కనీసం ముగ్గురు స్టేజీ మీద, మీవాళ్లు ఇద్దరు గేటు దగ్గర ఉంటారు కాబట్టి జనంలో 16 మందే, 98 టికెట్లు అమ్మొచ్చు. 120 అమ్మితే తోపులాటే.

డబ్బు లెక్క కూడా పెట్టు. హాలు, సౌండు, కిట్ అద్దె ఎంత చెప్పారు?

రాత్రిషిఫ్ట్

హాలు 9 వేలు, సౌండు 8, కిట్ 3. బెంగళూరు వాళ్ల ప్రయాణం, తిండి 5 వేలు.

గేటుదగ్గర

25 వేలు. 300 చొప్పున 84 టికెట్లు తెగేదాకా లోకల్ బ్యాండ్లకి రూపాయి రాదు. 98 మొత్తం అమ్ముడైతే 29,400, మిగిలేది 4,400, ముగ్గురికీ పంచితే తలా 1,466. ఇది బ్యాండ్లకి ముందే మెసేజ్ పెట్టు, షో అయ్యాక మెట్ల మీద నిలబడి చెప్పే సంగతి కాదు. ముందుగా కొంటే 300, గేటు దగ్గర 400 పెడితే కొంచెం గాలాడుతుంది. గెస్టులు బ్యాండుకి ఒక్కరు, వాళ్లనీ 98లోనే లెక్కెయ్యి. "నేను గిటారిస్ట్ రూమ్మేట్‌ని" అనేవాళ్లు పదిమంది దిగుతారు, వాళ్లకి లిస్టు చూపించు.

గేటు దగ్గర ఇద్దరుండాలి. ఒకరు యూపీఐ సౌండ్ బాక్స్ విని, పేరు కొట్టేసి, చేతికి ముద్ర వెయ్యాలి. రెండోవాళ్లు బయట రోడ్డు చూడాలి. పోలీసులకి ఫోన్ వెళ్లేది చాలాసార్లు లోపలి డ్రమ్స్ వల్ల కాదు, బయట బైకుల మీద కూర్చుని కబుర్లు చెప్పే పాతికమంది వల్ల.

రూల్సు: 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం లౌడ్‌స్పీకర్‌కి రాతపూర్వక అనుమతి కావాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా వాడకూడదు. ఆడిటోరియం, కమ్యూనిటీ హాలు లాంటి మూసిన చోట్లకి లోపలి వరకు మినహాయింపుంది. లామకాన్ లాంటి ఆరుబయలు ప్రాంగణానికి ఆ వెసులుబాటు లేదు. నీది మూసిన హాలే అయినా పక్కన ఇళ్లుంటే ఆ మినహాయింపు పట్టుకుని వేలాడకు. 100 మీటర్లలో ఆసుపత్రో స్కూలో కోర్టో ఉంటే దాన్ని సైలెన్స్ జోన్‌గా ప్రకటించి ఉండొచ్చు, అలా అయితే అసలు హాలే మార్చుకో. స్టేషన్లో అర్జీ ఇచ్చి ముద్ర వేసిన కాపీ గేటు దగ్గరే ఉంచు.

షట్టర్ పూర్తిగా పైకి, అద్దం తలుపులు మూసి, తాళం మాత్రం వెయ్యొద్దు. వెనక తలుపుకి గిటార్ కేసులు అడ్డం పెట్టేస్తారు, అక్కడ నేలమీద పసుపు టేపు వేసి ఖాళీగా ఉంచు. పొగ మెషిన్ వద్దు, తొమ్మిదడుగుల కప్పు కింద ఎవరికీ దారి కనపడదు.

బ్రేకుల్లో వేసే రికార్డు పాటలకి కూడా లైసెన్సు సంగతుంటుంది. రికార్డింగులకి పీపీఎల్, పాట రచనకి, బాణీకి ఐపీఆర్‌ఎస్ అనే సంస్థలు ఇస్తాయి. తెలిసిన బ్యాండ్ల డెమోలు వాళ్లని అడిగి వేసుకో, గొడవే లేదు.

లో_బి (బెంగళూరు)

పోస్ట్-రాక్ వాళ్ల లాప్‌టాప్ గురించి. ఎడమ చానెల్లో క్లిక్ (డ్రమ్మర్‌కి మాత్రమే వినిపించే తాళం), కుడిలో ట్రాక్ పెట్టి తెస్తారు సాధారణంగా. ఎడమ దాన్ని మెయిన్స్‌లోంచి పూర్తిగా తీసెయ్యండి, ఫేడర్ దించితే సరిపోదు. డ్రమ్మర్‌కి ఆక్స్ 3లోంచి (మిక్సర్ మీద విడి అవుట్‌పుట్) పంపండి. ఆక్స్‌కి హెడ్‌ఫోన్ నేరుగా పెడితే సరిగ్గా వినపడదు, చిన్న హెడ్‌ఫోన్ ఆంప్ మధ్యలో ఉండాలి. లాప్‌టాప్ హెడ్‌ఫోన్ అవుట్ నుంచి స్టీరియో డీఐకి. సన్నగా గీ అనే శబ్దం వస్తే చార్జర్ పీకి చూడండి, ఆగిపోతే దోషి అదే. 30 నిమిషాల సెట్‌కి బ్యాటరీ చాలు.

గ్రైండ్, డెత్ సింగర్లు మైకు జాలీని రెండు చేతులా మూసేస్తారు. మూస్తే కార్డియాయిడ్ (ముందువైపే వినే) మైకు అన్ని వైపులా వినడం మొదలెడుతుంది, మానిటర్ కూస్తుంది. మానమంటే మానరు, కాబట్టి చెక్ టైములోనే మూసి పట్టించి ఈక్యూ చెయ్యండి.

ఫేడర్‌రాణి

అవును, అదే సరైన పద్ధతి. ఎస్‌ఎం58 అయితే మానిటర్ సరిగ్గా మైకు వెనక. బీటా58 అయితే వెనక కాదు, కాస్త పక్కకి, 120 డిగ్రీల దగ్గర, ఎందుకంటే అది తిన్నగా వెనక నుంచి కొంత వింటుంది. గెయిన్ మెల్లగా పెంచుతూ ఎక్కడ కూస్తే అక్కడ 3 నుంచి 6 డీబీ కోత. నాలుగైదు కోతలు దాటితే ఆపండి, ఆ తర్వాత కోసేది గొంతునే. గొంతు మీద కంప్రెషన్ కూడా తక్కువ. నొక్కి మళ్లీ పెంచితే పాడని టైములో ఆ మైకులోంచి సింబల్స్ పైకొస్తాయి.

తెలుగులో పాడేవాళ్లకి రీవెర్బ్ దాదాపు సున్నా చెయ్యండి, టైల్స్ గది ఉచితంగా ఇస్తోంది. ఒత్తులన్నీ అందులోనే మునిగిపోతాయి.

గేటు దగ్గర ఫోమ్ ఇయర్‌ప్లగ్స్ పెట్టె ఒకటి పెట్టండి. అమెరికా నియోష్ (పనిచోట ఆరోగ్యం చూసే సంస్థ) లెక్కలో 100 డీబీకి సురక్షితమైన సమయం 15 నిమిషాలే. మీ హాల్లో గ్రైండ్ సెట్టు దానికంటే తక్కువుండదు.

ట్యూబ్‌గోల

టాప్స్ స్టాండ్ల మీద పెడుతున్నావా? పిట్ తగిలితే 20 కిలోల పెట్టె తలమీద పడుద్ది. స్టాండు కాళ్ల మీద ఇసుక బస్తాలు వేసి, పెట్టెని గోడ కొక్కేనికి బెల్టుతో కట్టు. కేబుళ్లకి గోధుమరంగు ప్యాకింగ్ టేపు వాడకు, జిగురు దిగిపోయి హాలు వాడు అడ్వాన్సు కోస్తాడు. గాఫర్ టేపే.

రాత్రిషిఫ్ట్

అన్నీ రాసుకున్నా, థాంక్స్. ఇప్పుడే కొత్త చిక్కు. పంక్ బ్యాండ్ డ్రమ్మర్ ఎడమచేతి వాటం. కిట్ మొత్తం తిప్పాలంటున్నాడు.

డబుల్‌పెడల్

అయితే అతను మొదటే ఉండాలి, అది నీ అదృష్టం. అతని చెక్ ఆఖర్న కాబట్టి కిట్ ఎడమవాటంగా తిప్పి వదిలెయ్, 6:45కి అలాగే మొదలవుతుంది. మళ్లీ కుడికి తిప్పడం ఒక్కసారే. రంగు టేపు గుర్తులుంటాయి కదా, ఇద్దరు పడితే పది నిమిషాలు, ఫ్లోర్ టామ్, హై-హ్యాట్, రైడ్ స్టాండు అటూఇటూ. కిక్ కదపకు, దాని మైకు అక్కడే ఉంటుంది. మొదటి మార్పిడికి 20 పెట్టుకో, మిగతావి 15 అలాగే ఉండనీ.

రాత్రిషిఫ్ట్

అయితే పంక్ 6:45 – 7:05. ఐదు నిమిషాలు కోస్తున్నామని చెప్పా. "పర్లేదు భయ్యా, మూడు పాటలే తగ్గుతాయి" అన్నారు.